జేబుభూతములును తెలుగు పేర్లును

పోకేమాన్ అను జపాను బొమ్మల కథామాలికను గూర్చి మన పట్టణములలో రెండు తెఱగుల మాటలు వినబడుచున్నవి. తల్లిదండ్రులలో ననేకులు, బిడ్డలు ఈ రంగురంగుల పిశాచములను చూచి చూచి చదువు చెడగొట్టుకొనుచున్నారు గనుక దీనిని టెలివిజనునుండి తొలగింపవలె నందురు. నవనాగరికులమని తలంచువారు, లోకమంతయు చూచుచున్నదానిని మా బిడ్డలును చూచుచున్నారు, నాలుగు ఇంగ్లీషు పేర్లు నోరార పలుకుచున్నారు, ఇంతకంటె కావలసిన దేమున్నది యని మురియుచున్నారు. మొదటివారు బొమ్మను చూచి భయపడుచున్నారు. రెండవవారు బొమ్మపై నంటించిన చీటిని చూచి సంతోషించుచున్నారు. ఈ ఉభయుల మాటయు మాకు సమ్మతము కాదు. బొమ్మయందు చెప్పదగిన దోషము లేదు. దోషమంతయు ఆ చీటియందే యున్నది. ఆ సంగతి కొంచెము విపులముగా విన్నవించుటకు చదువరుల యనుమతి వేడుచున్నాము.

పెద్దలలో ననేకులు ఈ కథను ఒక్కనాడైనను చూచియుండరు. కావున ముందుగా దాని స్వరూపము చెప్పవలెను. 1996 ఫిబ్రవరి 27వ తేదీన జపానులో, నింటెండో కంపెనీవారి గేమ్ బాయ్ అను చేతియంత్రమునకై రెండు వీడియో ఆటలు వెలువడెను. వాని పేరు పాకెట్ మాన్‌స్టర్స్; అనగా జేబులో నిముడు భూతములు. ఆ పేరునే కుదించి పోకేమాన్ అనిరి. మరుసటి యేడు, 1997 ఏప్రిల్ 1వ తేదీన, టీవీ టోక్యోవారు ఆ యాటను కథగా మలచి బొమ్మల ధారావాహికగా ప్రసారము చేయ మొదలిడిరి. పదేండ్ల బాలుడొకడు ఇల్లు విడిచి దేశాటనము చేయుచు, అడవులలో కొండలలో నదులలో తిరుగు వింతజంతువులను పట్టి మచ్చిక చేసికొని, వానికి విద్యలు నేర్పి, తోటివారి జంతువులతో పోటీలకు దింపుట ఇందలి కథ. వాని ముఖ్యసహచరుడు పికాచు అను పసుపుపచ్చని ఎలుక. దానికి కోపము వచ్చిన మెఱుపులు కురియును. ఇరువదియైదేండ్లకు పైగా, 1,200కు మించిన భాగములలో, ఆ బాలుడు పదేండ్లవాడుగనే యుండెను. మన మార్కండేయుడు పదునాఱేండ్లకడ నిలిచె నందురు. ఈతడు అంతకు ఆఱేండ్లు ముందే నిలిచిపోయెను. 2022 నవంబరులో ప్రసారమైన భాగమున ప్రపంచవిజేతయై, 2023 మార్చిలో ఈతడు కథనుండి సెలవు గైకొనగా, ఆ ఏప్రిల్ మాసముననే లికో అను బాలిక నాయికగా కొత్త కథ ఆరంభమయ్యెను.

నిషేధింపుడనువారికి ఆధారములు లేకపోలేదు. 1997 డిసెంబరు 16న ప్రసారమైన యొక భాగములో ఎఱుపు నీలము వెలుగులు మిక్కిలి వేగముగా మాఱిమాఱి మెఱయుటచే, జపానులో సుమారు 685 మంది, విశేషముగా బాలురు, మూర్ఛలతోను తలతిరుగుడుతోను ఆస్పత్రుల పాలైరి. ప్రసారము నాలుగు మాసములు ఆగిపోయెను. ఆ భాగమును మఱల నెన్నడును చూపలేదు. 2001లో సౌదీ అరేబియా మతాధికారులు ఈ యాటను, ఆట చీట్లను జూదమువంటివని నిషేధించిరి. మఱియు ఇది ఆటవస్తువులను అమ్ముకొనుటకు తోడ్పడు కథయే; అన్నిటిని పట్టవలెనను దాని నినాదము వర్తకుని నినాదమే. ఇవన్నియు ఒప్పుకొందుము. ఐనను నిషేధము మాకు రుచింపదు. వైశాఖమాసపు మధ్యాహ్నమున కర్నూలులోనో కడపలోనో బిడ్డను వీధిలోనికి పంపలేని తల్లితో, లోపల బొమ్మలును చూపవద్దనుట సులభము. దానికి బదులుగా తెలుగులో ఏమి చూపుమందు రని ఆమె అడిగినచో, ఆ పెద్దలు గొంతు సవరించుకొనుట తప్ప వేఱు చేయగలిగినది లేదు.

ఇక ఈ భూతములు ఎచ్చటనుండి వచ్చినవో చూతము. సతోషి తాజిరి అను నాతడు 1965లో పుట్టి, టోక్యో పొలిమేరలోని మాచిదా పట్టణమున పెరిగెను. బాల్యమున ఆతనికి పురుగులను పట్టి పెంచుటయే వ్యసనము. చెఱువులు పూడి, పొలములు చదునై, ఊరు మేడలతో నిండిన పిమ్మట, పురుగులను వెదకి పట్టుకొను ఆ యానందము నగరపు బిడ్డలకు ఆటరూపముననైనను దక్కవలెనని ఆతడు తలంచెను. రెండు ఆటయంత్రములను కలుపు తీగను చూచినప్పుడు, దానివెంట పురుగులు ఇటునుండి యటు ప్రాకిపోవుచున్నట్లు ఆతనికి తోచినదట. ఆఱేండ్లు శ్రమించి ఆట సిద్ధము చేసిరి. టెలివిజను కథలోని బాలునికి జపానులో సతోషి యనునది ఆతని పేరే. కనుక చదువరులారా, లోకమునెల్ల ఆకర్షించిన ఈ సృష్టికి మూలము ఏ మహాయంత్రమును గాదు. ఒక బాలుడు ఊరి చివర పట్టుకొన్న పురుగు.

ఆ పురుగు మన సీమలో లేదా? ఆరుద్రకార్తె చినుకు పడగానే ఎఱ్ఱనేలపై మఖమలు ముక్కలవలె మెత్తని యెఱ్ఱని ఆరుద్రపురుగులు బయలుదేఱును. వానిని అగ్గిపెట్టెలలో దాచి, గడ్డిపోచలు వేసి, ఎవని పెట్టెలో నెక్కువయని పందెములు వేసికొనుట మన పల్లెల పిల్లలకు ఎవరును నేర్పిన విద్య కాదు. అదే వానలకు తుగ్గలి, జొన్నగిరి చేలలో పెద్దవారు వజ్రములకై నేల చూచుచు తిరుగుదురు, పిల్లలు పురుగులకై తిరుగుదురు. వట్టి చేతులతో ఇల్లు చేరువారు తఱచుగా పెద్దవారే.

ఇట్టి జీవులకు మన పూర్వులు పెట్టిన పేర్లు వినుడు. వాన తెచ్చు కార్తె పేరున ఒక పురుగును ఆరుద్రపురుగనిరి. ఱెక్కల రంగులలో సీతమ్మ కోకను చూచి సీతాకోకచిలుక యనిరి. గడ్డిలో నిలిచి ఒయ్యారముగా నూగు పచ్చని పురుగును గొల్లభామ యనిరి. మట్టిలో మసలియు మన్నంటని దానిని కుమ్మరిపురుగనిరి. పెద్దకన్నులతో రాత్రివేళ కొమ్మలపై మెల్లమెల్లగా నడచు జీవి దేవాంగపిల్లి యైనది. కలివిపొదలలో దాగునది కలివికోడి. నక్షత్రము, పురాణము, కులవృత్తి, ముండ్లపొద, దేనినైనను తీసికొని పేరు చేసిన జాతి యిది. పేరు పెట్టుటలో మనకు లోకమున నెవరును గురువులు కారు.

ఇట్టి జాతి బిడ్డలకడకు పోకేమాన్ ఏ దారిని వచ్చినది? జపానునుండి అమెరికాకు పోయి 1998లో ఇంగ్లీషు వేషము వేసికొనెను. 2003లో కార్టూన్ నెట్‌వర్క్ ద్వారా ఆ వేషముతోనే మన దేశమున దిగెను. 2023లో హంగామా ఛానెలున కొత్త భాగములు హిందీతోపాటు తమిళ తెలుగులలోను వచ్చినప్పుడు మన పిల్లలు సంతోషించిరి; మేమును సంతోషించితిమి. కాని ఆ తెలుగును చెవియొగ్గి విన్నచో తెలియును: క్రియ తెలుగు, కర్త ఇంగ్లీషు. సతోషి యను బాలుడు అమెరికాలో యాష్ అయ్యెను. మనకును యాష్ గానే వచ్చెను. తండ్రి తన పేరు పెట్టుకొన్న బిడ్డకు దారిలో ఎవరో వేఱు పేరు పెట్టి పంపగా, మనము కవరు విప్పకయే ఆ పేరునే పిలుచుచున్నాము.

అమెరికావారి చేతిలో ఈ కథకు జరిగిన సంస్కారములలో ఒకటి చెప్పక తప్పదు. తొలి భాగములలో నొకచోట పాత్రలు ఒనిగిరి తినుచుందురు. అది వరియన్నపు ముద్ద. చేతితో ఒత్తి, సముద్రపు నాచు చుట్టినది. తమ బిడ్డలకు అన్నపు ముద్ద తెలియదని తలంచి, అనువాదకులు బొమ్మలో ముద్దను చూపుచునే, అది తీపి నింపిన డోనట్ అని పలికించిరి. తెల్లని యన్నము కన్నుల కగపడుచుండగా నోరు పిండివంట యనుచున్నది! వారికది యవసరమై యుండవచ్చును. సంగటిముద్దను చేతపట్టి పెరిగిన కర్నూలు బాలునకు, చద్దిముద్ద మూటగట్టుకొని చేనికి పోవు తల్లి బిడ్డకు, అన్నపు ముద్దను చూపి ఇది అన్నపు ముద్ద యని చెప్పుటకు మధ్యవర్తి యేల? జపానువాడును మనవాడును ముద్ద తినువారే. నడుమ నిలిచినవా డొక్కడే యెఱుగడు; మనము కథ వినునది వాని నోటినుండియే.

పేర్ల విషయమున ఇతర జాతు లేమి చేసినవి? వీపున గింజ మొలచిన యొక జంతువున్నది. జపానువారు దానిని ఫుషిగిదానె యనిరి. వింతగింజ యని యర్థము. అమెరికావారు బల్బసార్ అనిరి. ఫ్రెంచివారు బుల్బిజార్ అనియు, జర్మనులు బిసాసాం అనియు పెట్టుకొనిరి. కొరియావారు జపాను మాట యర్థమునే తమ భాషలోనికి దించుకొని ఇసాంగ్‌హేస్సి యనిరి. తోకకొనను నిప్పు మండు బల్లి జపానులో హితోకాగె, అనగా నిప్పుబల్లి. ఇంగ్లీషున చార్మాండర్, ఫ్రెంచిలో సలమేష్, జర్మనులో గ్లుమాండా, కొరియాలో పైరి. ఒక్కొక్క జాతియు తన బిడ్డ నోరు తిరుగునట్లు, వినగానే నవ్వు వచ్చునట్లు పేరు కట్టుకొన్నది. పికాచు మాత్రము దాదాపుగా ఎల్లెడల పికాచుయే. జపానులో పికపిక యన తళతళ, చు యన ఎలుక కూత. అట్టి ధ్వన్యనుకరణములకు తళతళ, మిలమిల, కిచకిచ యను మన భాషలో కొఱతయా?

అన్నిటికంటె మాకు ముచ్చట గొల్పినది దొంగలజంట సంగతి. నాయకుని వెంటాడుచు పికాచును అపహరింప జూచు ఆడుదియు మగవాడును కలరు. ఎన్నడును గెలువరు, ఎన్నడును మానరు. వీరికి జపానువారు ముసాషి, కొజిరో యని పేర్లిడిరి. 17వ శతాబ్దపు ఆరంభమున ద్వంద్వయుద్ధము చేసిన యిద్దఱు సుప్రసిద్ధ ఖడ్గవీరుల పేర్లవి. అంతటి వీరుల పేర్లు ఇంతటి చవటలకు పెట్టుటయే హాస్యము. ఆ హాస్యము తమ బిడ్డలకు తెలియదని అమెరికావారు తమ దేశపు బందిపోటు జెస్సీ జేమ్స్ పేరును రెండుగా చీల్చి, ఆమెకు జెస్సీ యనియు వానికి జేమ్స్ అనియు పెట్టుకొనిరి. వారి చరిత్రనుండి వారు తెచ్చుకొనిరి; వీరి చరిత్రనుండి వీరు తెచ్చుకొనిరి. మనము? అమెరికా బందిపోటును అరువు తెచ్చుకొంటిమి. తోలుబొమ్మలాటలో రాముడును రావణుడును విశ్రమించునప్పుడెల్ల తెరపైకి దూకి తిట్టుకొని కొట్టుకొని జనమును నవ్వించు బంగారక్కయు కేతిగాడును మన యింట నుండగా! నిమ్మలకుంటలో ఇప్పటికిని తోలుబొమ్మలు చేయు కుటుంబములు కలవు. ఆ యూరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ యిచ్చిరి. దీపపు వెలుగున తెరపై రంగుబొమ్మ కదలి మాటాడుట మనకు పరదేశులు నేర్పవలసిన వింత కాదు.

నిప్పుబల్లి సంగతి ఇంకను మిగిలియున్నది. ఈ కథలో జంతువులు అనుభవము ముదిరినకొలది రూపము మార్చుకొనును. చార్మాండర్ ముదిరి చార్మీలియన్ అగును. ఆ ఇంగ్లీషు పేరు కమీలియన్ అను మాటనుండి కట్టినది. కమీలియన్ అనగా ఊసరవెల్లి. తొండ ముదిరి ఊసరవెల్లి యగుట! మన పెద్దలు చెడిన కుఱ్ఱవానిని ఎత్తిపొడుచుటకు వాడు సామెత, సముద్రముల కావల నెవరో, మన భాషయొకటి కలదని యైనను తలపక, బొమ్మగా గీచిరి. ఆ జంతువును నిప్పుతొండ యని పిలిచియుండినచో, అది ఊసరవెల్లి యైన నాడు కడపలో అవ్వయు మనుమడును ఒక్కసారి నవ్వియుందురు. ఎవరును విప్పిచెప్ప నక్కఱలేని హాస్యమది. చార్మాండర్ చార్మీలియన్ అయ్యెనన్నచో అవ్వ లేచి వంటయింటికి పోవును. ఆ చార్మీలియన్ ఇంకను ముదిరి ఱెక్కలు మొలచి చారిజార్డ్ అగును. ఊసరవెల్లి ముదిరిన నేమగునో మన సామెత చెప్పలేదు. ఆ మిగిలిన సగమును మన పిల్లలు కల్పించి యుందురు.

పేరులో నేమున్నదని పెదవి విఱుచువారికి రాయలసీమవారమే జవాబు చెప్పవలెను. 1800లో నిజాము ఈ ప్రాంతమును కుంఫిణీవారికి ధారపోయగా, నాటినుండి దీనిని దత్తమండలములని పిలిచిరి. ఒకడు ఇచ్చినది, ఇంకొకడు పుచ్చుకొన్నది. ఇచ్చటివారి మాట అందు లేదు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరు మాకు వలదని తెగవేసి, చిలుకూరి నారాయణరావుగారు సూచించిన రాయలసీమ యను పేరు పెట్టుకొంటిమి. మరునాడు తుంగభద్రలో నీరు పెరుగలేదు; కాని ఈ జిల్లాల వాడు తన్ను తాను చెప్పుకొను తీరు మాఱెను. ఆ పేరును ఈ కాలపు తెలుగు సినిమావారు కొడవండ్లకును నాటుబాంబులకును అమ్ముకొనుట వేఱొక విషాదము. తెలుగు చలనచిత్రములో తన యూరి పేరు వినబడగానే కర్నూలు బాలుడు సాధారణముగా చూచునది నఱుకులాట. జపాను బొమ్మలలో చూచునది ఒక బాలునికిని ఒక ఎలుకకును గల స్నేహము. బాలుడు దేనిని కోరుకొనునో చెప్పనేల?

పేరు విషయమున పట్టుదల గలవారికి ఇంకొక నిదర్శనము. హాంకాంగులో పికాచును ఆ ప్రాంతపు కాంటనీసు పలుకుబడికి తగిన అక్షరములతో వ్రాయుచుండిరి. 2016లో చీనా భాష లన్నిటికిని ఒకే వ్రాత యని కంపెనీవారు మాండరిను పద్ధతిని నిర్ణయింపగా, మే 30వ తేదీన కొలదిమంది హాంకాంగువాసులు ఆ యెలుక బొమ్మను చేతబట్టి, మా భాషలో దానిని ఆ తీరున పలుకలేమని జపాను కాన్సులేటునకు ఊరేగింపుగా పోయిరి. వారు గెలువలేదు. పత్రికలు నవ్వినవి. మేము నవ్వలేదు. అక్షరముల మార్పును సహింపక ఆ పౌరులు వీధి కెక్కిరి. మొదటినుండి పేరే లేని మనము ఎక్కడను ఒక జాబైనను వ్రాయలేదు.

వర్తకులు, తెలుగు విపణి చిన్నది, దానికై వేయి పేర్లు కట్టుట గిట్టుబాటు కాదందురు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. దక్షిణ కొరియా జనులు 5 కోట్లకు కొంచెము పైన. ఐదు కోట్లకు గిట్టినది ఎనిమిది కోట్లకు గిట్టలేదనుట ఏ లెక్క? కొరియావాని జేబులో డబ్బెక్కువ యందురు, నిజమే. కాని అంతకంటె ముఖ్యముగా, కొరియావాడు తన బిడ్డకు పరాయి పేరు చెప్పిన బొమ్మను కొనడు. మనవాడు పరాయి పేరున్నదనియే కొనును. వర్తకుడు మూఢుడు కాడు. మన ముఖము చూచియే సరకు దింపుచున్నాడు.

తెలుగు పేర్లు మోటుగా నుండును, పిల్లలే నవ్వుదురు అనువారును కలరు. వారికి ఇంగ్లీషు పేర్ల యర్థము తెలియదనుకొందుము. చార్ అనగా మాడుట. చార్మాండర్ అనగా మాడినబల్లి. స్క్వర్టిల్ అనగా నీరు చిమ్ము తాబేలు. అమెరికా బిడ్డకు ఆ పేర్లు సరిగా అంత మోటుగను అంత హాస్యముగను వినబడును. అందుకొఱకే అట్లు కట్టిరి. అర్థము తెలియని మాట గొప్పగను, తెలిసిన మాట మోటుగను తోచుట చెవి జబ్బు గాని భాష దోషము కాదు. బడిలో ఆ జబ్బును పెంచుటకు ప్రభుత్వములు తమ వంతు చేసినవి. 2019 నవంబరులో ప్రాథమిక తరగతులను సహితము ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చ ఉత్తరువు లియ్యగా, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వానిని కొట్టివేయవలసి వచ్చెను. బడినుండి వచ్చిన బిడ్డకు ఆటయందైనను తెలుగు మిగులవలదా?

ఒకప్పుడు ఈ ప్రవాహము ఎదురుదిక్కున పాఱుచుండెననుట నేటి యువకులు నమ్మరు. కడప జిల్లా పొట్టిపాడున పుట్టిన బి. నాగిరెడ్డిగారును చక్రపాణిగారును 1947 జూలైలో మద్రాసున చందమామను స్థాపించిరి. తెలుగున కూర్చిన కథ అచ్చటినుండి తమిళమునకు, కన్నడమునకు, హిందీకి, పదికి పైగా భాషలకు పోయెను. కొడవటిగంటి కుటుంబరావుగారు దిద్దిన వాక్యము ఉత్తరదేశపు బాలునికి హిందీలో చేరుచుండెను. ఒక సీమవాని సాహసమున తెలుగు ఇచ్చుభాషగా నుండెను. ఇప్పుడు పుచ్చుకొను వరుసలో చివర నిలిచియున్నది. ఆ పత్రిక చేతులు మారి, నీరసించి, 2013 నాటికి ఆగిపోయెను. దానిని నిలుపుకొనలేకపోయిన తెలుగు ధనికులు అప్పుడప్పుడు సభలలో దానిని తలంచి కన్నీరు తుడుచుకొందురు.

హైదరాబాదున బొమ్మల పరిశ్రమ లేదా యని అడుగవచ్చును. ఉన్నది, దానిని మేము గౌరవింతుము. రాజీవ్ చిలకగారి గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో పోగో ఛానెలున ఛోటా భీమ్‌ను నిలబెట్టి, మన దేశపు బొమ్మయు జపాను బొమ్మతో సరితూగగలదని ఋజువు చేసినది. ఐనను ఆ భీముని యూరు ఢోలక్‌పూర్, నేస్తురాలు ఛుట్కీ, ప్రతిస్పర్ధి కాలియా. హైదరాబాదునుండి కర్నూలుకు వచ్చు దారిలో అట్టి యూరు మాకు కనబడలేదు. దేశమంతట అమ్ముడుపోవలెనన్నచో హిందీ వేషము తప్పదని వారందురు. జపానువాడు లోకమంతట అమ్ముడుపోవుటకు ఒనిగిరి మానలేదు, ముసాషిని మానలేదు; వేషము మార్చుకొన్నది కొన్నవారు గాని అమ్మినవాడు కాడు.

ఆ కథలో పోకేడెక్స్ అను నొక చిన్న యంత్రమున్నది. కనబడిన ప్రతి జంతువు పేరు, ఉనికి, గుణము అది చెప్పును. అట్టి వేయికి మించిన జంతువులను మన బిడ్డలలో చురుకైనవారు వరుసగా అప్పగింతురు. ఆ జ్ఞాపకశక్తిని మేము మెచ్చుకొందుము. కాని తమ జిల్లా పోకేడెక్స్ ఏదని అడిగినచో? కడప లంకమల అడవులలో కలివికోడి యను పక్షి కలదు. జెర్డన్ అను ఇంగ్లీషు వైద్యుడు దానిని కనుగొనగా, 1848లో అది శాస్త్రగ్రంథముల కెక్కెను. 1900 తరువాత దాని జాడ శాస్త్రజ్ఞుల కందక, అది నశించినదని వ్రాసికొనిరి. 1986లో, స్థానికుల సాయమున, అది సజీవముగా కనబడెను. లోకమున మఱెక్కడను లేని పక్షి. దాని కొఱకు తెలుగుగంగ కాలువ దారిని సహితము మార్చిరి. రాత్రిపూట మాత్రము తిరుగును, పొదలలో దాగును, పట్టువడదు. పోకేమాన్ కథకు ఇంతకంటె తగిన జంతువు గలదా? కర్నూలు జిల్లా రోళ్లపాడు, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది, బట్టమేకపిట్టకై 1988లో రక్షితస్థల మయ్యెను. శేషాచలము రాళ్లసందులలో బంగారుబల్లి యున్నది. ఈ మూడు పేర్లును చెప్పగల బాలు డెందఱిలో నొకడు?

పట్టి, పేరు తెలిసికొని, పుస్తకమున కెక్కించు ఆ వెఱ్ఱి కడపకు కొత్త కాదు. 1820లో ఇచ్చటికి వచ్చిన సి. పి. బ్రౌను ఇల్లు కొని, పండితులను జీతమిచ్చి పెట్టుకొని, తెలుగు మాటలను తాటాకులను ఒక్కొక్కటిగా వేటాడెను. 1852లో ఆతని నిఘంటువు వెలువడెను. ఆతడున్న చోటనే నేడు కడపలో ఆతని పేర గ్రంథాలయము కలదు. పరదేశియైన యొక యుద్యోగి మన పేర్లను పట్టుటకు జీవితము వెచ్చించిన యూరిలో, మనవారు తమ బిడ్డలకు నాలుగు పేర్లు పెట్టుటకు బద్ధకించుచున్నారు.

మేము కోరున దిది. తెలుగు రూపమును సిద్ధము చేయువారు ఇక మీదట వచ్చు భాగములకైనను తెలుగు పేర్లు కట్టింపవలెను. ఫ్రెంచివారికిని కొరియావారికిని ఇచ్చిన మర్యాదకు మించి మేమేమియు అడుగలేదు. మూలమును ఇంగ్లీషునుండి గాక జపానుభాషనుండియే తెలిగింపవలెను. జపానుభాష నేర్చిన తెలుగువారు ఇప్పుడు కొఱవడలేదు. మన పఠనమందిరములవారు ఒక ఆదివారము పిల్లలను పిలిచి, బొమ్మలు ముందుంచి, పేర్లు వారిచేతనే పెట్టింపవలెను. పెద్దలు, విశేషించి పండితులు, ఆ పూట పక్కగదిలో కూర్చుండుట మేలు. లేనిచో నిప్పుతొండ అనలపుచ్ఛసరట మగును. ఆ పేర్ల పట్టికను ఛానెలువారికిని టోక్యోలోని పోకేమాన్ కంపెనీవారికిని పంపవలెను. జాబు తెలుగులోనే వ్రాయుడు; చదివి చెప్పువానిని వారు వెదకికొందురు.